వరదకు సర్దిన ఇల్లు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండమ్మా. చేతిలో పని ఉంటే దాన్నీ తెచ్చుకోండి, చేసుకుంటూనే వినొచ్చు. చుట్టూ నీళ్ళు కమ్మేసినప్పుడు ఒక ఇల్లు ఎలా నిలబడుతుందో చెబుతాను. ఇది బడిలో నేర్చుకున్నది కాదు, బడి నేను ఐదో తరగతితోనే మానేశాను. చాలావరకు మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. మిగిలిన కాస్తా మా కోడలి దగ్గర. ఆ కాస్తా నేర్చుకునేసరికి మా ఆయన ప్రాణం మీదికి వచ్చింది. నేను చెప్పబోయేది ఆ సంగతే.

నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం పక్కన. అక్కడ వాన పడితే చేలోకి నీళ్ళొచ్చాయని సంతోషపడేవాళ్ళం. పెళ్ళయి కొల్లేటి లంకకి వచ్చాక తెలిసింది, ఇక్కడ వరద రావడానికి వాన మన ఊళ్ళో పడక్కర్లేదని. ఎక్కడో ఎగువన పడ్డ వానంతా బుడమేరులోనూ తమ్మిలేరులోనూ దిగి మా కొల్లేట్లోకి వస్తుంది. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. వచ్చినంత తొందరగా పోవు నీళ్ళు. నెత్తిమీద ఎండ కాస్తూ ఉండగానే వీధిలో నీళ్ళు పెరగడం నేను ఎన్నోసార్లు చూశాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్తగారు నన్ను అటక కిందికి తీసుకెళ్ళి నిలబెట్టింది. మా అటక చిన్నది కాదు. తాటి దూలాల మీద చెక్కలు పరిచి, ఇంట్లో సగం పొడుగునా కట్టించారు.

"ఇదిగో కోడలా, నీళ్ళు కిందనించి వస్తాయి. మనకి కావలసినవన్నీ పైన ఉండాలి. ఎంత ముఖ్యమైన వస్తువైతే అంత పైకి ఎక్కించు. ఇంక దేనికీ నన్ను అడక్కు," అంది.

నిజంగానే ఆ తర్వాత అడగాల్సిన అవసరం రాలేదు. ఆవిడ పోయాక కూడా ఏటా ఎండాకాలం చివర్లో ఆ పని నేనే చూస్తున్నాను. ముందు బియ్యం. తేమ తగలకుండా మూతల డబ్బాల్లో పోసి, మధ్యలో ఎండబెట్టిన వేపాకు వేస్తాను. అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ బియ్యంలోనే దూరుస్తాను. ఊరంతా చెమ్మగిల్లిపోయినా మా అగ్గిపుల్ల ఒక్క గీతకి వెలుగుతుంది. ఎండు రొయ్యలు, ఎండు చేపలు మాత్రం దూరంగా వేరే డబ్బాలో పెట్టాలి. లేకపోతే వరదంతా వాటి వాసనతో అన్నం తినాలి. ఉల్లిపాయలు గూడెం మార్కెట్ నుంచి బస్తాగా తెప్పించి గాలి తగిలేట్టు వేలాడదీస్తాను. చింతపండు, ఉప్పు, కందిపప్పు, ఆవకాయ జాడీ ఉండనే ఉంటాయి. అటుకులు, బెల్లం అన్నిటికన్నా చివర్లో, చేతికందేలా పెట్టాలి. ఎందుకంటే నీళ్ళొచ్చిన మొదటిరోజు ఎవరికీ పొయ్యి వెలిగించే తీరిక ఉండదు. ముందు అక్కరకొచ్చేది చివర్లో పైకెక్కాలి. ఇది తెలియనివాళ్ళు అటుకుల కోసం బియ్యం డబ్బాలన్నీ దించుకుని తిట్టుకుంటూ ఉంటారు.

తాగే నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. చుట్టూ కనుచూపుమేర నీళ్ళే గాని గొంతులో పోసుకునేవి కావు అవి. అందుకని వాన కబురు రాగానే కొని తెచ్చుకునే టిన్నుల మంచినీళ్ళని ఇంట్లో ఉన్న పాత్రలన్నిటిలోకీ నింపి, మూతల మీద గుడ్డలు కట్టేస్తాను. ఇప్పటి కాలానికి తగ్గట్టు ఛార్జింగ్ లైట్లు, ఫోన్లకి పవర్ బ్యాంకులు కూడా చేరాయి మా అటక మీదికి. గ్యాస్ అయిపోతే వాడుకోవడానికి మంచం మీద పెట్టుకునే మట్టి పొయ్యి, ఎండిన తాటి మట్టల మోపూ ఉంటాయి. పొలం కాగితాలు, ఆధార్ కార్డులు ఉన్న ఇనప్పెట్టె అన్నిటికన్నా ఎత్తున, ఇంటికప్పు ఇనపరేకులకి తగిలేలా ఉంటుంది.

మా పక్కింటావిడ ఏటా ఇదంతా చూసి నవ్వేది.

"ఏవండోయ్ వదినగారూ, అటక మీద ఇంకో ఊరు కట్టేస్తున్నారా ఏంటి?"

"నీళ్ళొస్తే మీరూ ఆ ఊరికే కాపురానికి వస్తారు లెండి. మీ గదికి అద్దె అడగను," అనేదాన్ని.

నేను చెప్పే ఏడు మా ఇంట్లోకి కొత్త కోడలు వచ్చింది. చింతలపూడి వైపు మెట్టలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళకి నీళ్ళంటే బోరు వేసి పైకి తోడుకునేవి, గుమ్మంలోకి నడిచొచ్చేవి కావు. వచ్చిన వారంలోనే ఒకరోజు పొద్దున్నే చెరువు దగ్గర్నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అత్తయ్యా, మన దోనె ములిగిపోయిందండీ! మావయ్యగారితో ఎలా చెప్పాలో ఏంటో!"

మా ఆయన అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. ఆయనకి నవ్వాగలేదు. "ములగలేదమ్మా, మేవే ముంచేం. తాటి దోనె కదా, ఎండలో పడేస్తే బీటలు తీసేస్తుంది. నీళ్ళలో దాస్తేనే గట్టిగా ఉంటుంది."

"దాచుకోవడమంటే మీరు పైకైనా ఎక్కిస్తారు, లేకపోతే ముంచైనా ముంచుతారా అండీ?" అంది ఆ పిల్ల తెల్లబోయి. ఆ మాట చెప్పుకుని ఊళ్ళో చాలా రోజులు నవ్వుకున్నాం.

మా ఆయనకి షుగరు. మాత్రలతో సరిపోక, పొద్దున్నా సాయంత్రం అన్నానికి ముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి. పొడుచుకోవడంలో ఆయనకి భయం లేదు. దాన్ని గురించి నలుగురికీ చెప్పుకోవడం మాత్రం నామోషీ. ఆ సీసాలు ఫ్రిజ్ తలుపులో నిమ్మకాయల పక్కన ఉండేవి.

ఆ ఏడు వానలు వెనకపట్టు పట్టాయనుకుంటూ ఉండగా ఎగువన ఒక్కసారిగా కురిసింది. అందరి ఫోన్లూ ఒకేసారి హెచ్చరిక కూత పెట్టాయి. మా అబ్బాయి అప్పటికే చేపల లోడుతో ఏలూరు వెళ్ళి ఉన్నాడు. తిరిగొద్దామనుకునేసరికి రోడ్డు మీదికి నీళ్ళెక్కాయి. ఫోన్ చేశాడు.

"అమ్మా, ట్రాక్టర్లు ఇంకా నడుస్తున్నాయంట. మీరు ముగ్గురూ ఎక్కి వచ్చేయండి. నాన్నకి నువ్వు చెప్పు."

చెప్పాను. ఆయన వినలేదు. చెరువు గట్ల చుట్టూ వలలు ఎత్తి కట్టకపోతే ఏడాదంతా పెంచిన చేపలు కొల్లేట్లో కలిసిపోతాయి. ఇంకొకరికి వదిలేసి వచ్చే పని కాదది.

"మీరెళ్ళండి, నేనుంటా," అన్నారు.

"మీరుంటే నేనూ ఉంటాను, అదేం పెద్ద సంగతి కాదు. మా అత్తగారి అటక ఉంది. మీ మందు సంగతేంటో చెప్పండి ముందు. కరెంటు తీసేస్తారు, ఫ్రిజ్ ఉత్త బీరువా అయిపోతుంది," అన్నాను.

"దాని సంగతి నేను చూసుకుంటా."

చూసుకున్నారు. ఫ్రిజ్ లోంచి వాడుతున్న సీసా, కొత్త సీసా రెండూ తీసి రుమాల్లో చుట్టి, నిచ్చెనేసుకుని అటకెక్కారు. ఇనప్పెట్టె తెరిచి పొలం కాగితాల పక్కన పెట్టి తాళం వేశారు. దిగొచ్చి మొలతాడుకి ఆ తాళంచెవి కట్టుకుంటూ, "ఇంక కొల్లేరు మొత్తం మనింటికే భోజనానికి వచ్చినా నా ప్రాణానికి భయం లేదు," అన్నారు. మా లంకలో ఎవరినడిగినా అదే చేసేవారు. ముఖ్యమైన వస్తువు పైకెక్కాలి, అంతే. మా ఊళ్ళలో పిల్లలు కూడా నేర్చుకునేది ముందు అదే. మమ్మల్ని వదిలి వెళ్ళనని ఉండిపోయిన కోడలికీ, నాకూ కూడా అందులో తప్పేమీ తోచలేదు. ఇద్దరం కలిసి దోనెని పైకి తీసి గుంజకి కట్టేశాం. ఆయన వలలు కట్టడానికి వెళ్ళిపోయారు.

నీళ్ళు వచ్చాయి. వీధి ములిగింది, దొడ్డి ములిగింది, వెనక వంటగదిలోకి మోకాలు లోతు చేరి, నడవా గుమ్మం దగ్గర ఆగాయి. కరెంటు అనుకున్నట్టే తీసేశారు. అటక చూసి నవ్విన పక్కింటావిడ కుటుంబం మొత్తం మా ఇంటికి వచ్చేసింది. "అద్దె అడగనన్నారు," అని ఆవిడే గుర్తు చేసింది. మంచం మీద మట్టి పొయ్యి పెట్టి గంజి కాచాను, మర్నాటికి పప్పుచారు పెట్టాను. తర్వాత ఎండు రొయ్యలు వంకాయ లేకుండానే వండాల్సి వచ్చింది. ఎవరం పస్తులు లేము. కర్ర, టార్చీ పక్కన పెట్టుకుని, మెట్ల మీదికి ఎక్కబోయిన పాముల్ని నీళ్ళలోకి నెట్టేస్తూ బాగానే ఉన్నాం. ప్రభుత్వం బోటు ఒకసారి వచ్చి పాల ప్యాకెట్లు ఇచ్చి, మా కంటే పల్లంలో ఉన్న ఊళ్ళకి వెళ్ళిపోయింది. వాళ్ళని ఆపి మేం అడగాల్సింది కూడా ఏమీ కనపడలేదు.

వాన వెలిసి ఎండ కాసింది. ఆ ఎండ మామూలుది కాదు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు, కింద నీళ్ళు తళతళమంటున్నాయి, గాలి బిగదీసింది. మేం నడవాలో తడి గుడ్డలు మెడకి చుట్టుకుని కూర్చున్నాం. ఆయన మాత్రం పూట పూటకీ నిచ్చెనెక్కి, పెట్టె తాళం తీసి, పైనే పొడుచుకుని దిగుతున్నారు. పైనించి చెమటలు కారుతూ దిగుతుంటే నిచ్చెనెక్కిన ఆయాసం అనుకున్నాం.

ఆ తర్వాత ఆయనకి దాహం మొదలైంది. ఎన్ని నీళ్ళిచ్చినా చాలదు. మూడు గుక్కలకోసారి ఒంటేలుకి లేవడం, దానికి నీళ్ళలోనే నడిచెళ్ళడం. అన్నం ముందు కూర్చుని కూడా మాటల్లేవు. ఎప్పుడూ నోరు మూసుకోని మనిషి, వలల గురించి కూడా అడగడం మానేశారు. వేలు గుచ్చి చూసే మిషను ఉంది కదా మనకని చూశాం. అంత పెద్ద అంకె ఆ మిషను మీద నేను ఎప్పుడూ చూడలేదు.

"మందు పొడుచుకుంటున్నారా లేదా నిజం చెప్పండి."

"పూట తప్పలేదే. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, మీ చేపల మీద ఒట్టేయండి."

"చేపల మీద కూడా ఒట్టే," అన్నారు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది, భయమూ వేసింది.

ఇదంతా వింటూ కోడలు చింతపండు కోసం అటకెక్కింది. ఎక్కిన పిల్ల చింతపండు మాటే మరిచిపోయి అక్కణ్ణుంచే కేకేసింది. "అత్తయ్యా! ఇక్కడ చెయ్యి పెట్టలేకపోతున్నానండీ! రేకులు పెనంలా కాలిపోతున్నాయి. మావయ్యగారూ, ఆ తాళంచెవి ఇలా పడేయండి!"

పెట్టె కూడా ఇనుమే కదా. తెరిచి సీసాలు రెండూ కిందికి తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పుడే కాచిన పాల గ్లాసు పట్టుకున్నట్టుంది.

"మందుకి నీళ్ళతో ఏం భయం అండీ, మూత గట్టిగా ఉండగా?" అంది ఆయనతో. "దానికి వేడితో గదా భయం. నీళ్ళకి దూరంగా పెట్టేరు, తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టినట్టు పెట్టేరు."

లంకలో బతికే వాళ్ళం నీళ్ళ వైపే చూస్తాం. నెత్తిమీద ఏముందో చూసే అలవాటు మెట్టవాళ్ళకి ఉంటుంది.

దాచుకున్న పవర్ బ్యాంకుతో ఫోన్ ఛార్జి పెట్టి ఆరోగ్య కేంద్రం నర్సమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఇంకో ఊళ్ళో బోటు మీద ఉంది. మాట తెగుతూ తెగుతూ వినిపించింది.

"చూడ్డానికి తేటగానే ఉన్నా వేడికి బలం పోతుందండీ, ఆ సీసాలని ఇంక నమ్మకండి. ఇవాళే కొత్తది తెప్పించండి. పనిచేయట్లేదు కదా అని మీ అంతట మీరు డోసు పెంచకండి. నీళ్ళు బాగా తాగించండి. వాంతులైనా, ఆయాసం వచ్చినా మందు కోసం చూడొద్దు, మనిషినే ఎక్కించుకుని వచ్చేయండి. మా బోటు అటు రావడానికి రేపవుతుంది."

రేపటిదాకా ఆగే ఓపిక నాకు లేదు. అబ్బాయికి చెప్పాను. మందు కొని గుండుగొలను వైపు రోడ్డు గట్టు మీద, నీళ్ళు మొదలయ్యే చోటికి తెస్తానన్నాడు. దోనె ఎవరు వేస్తారని పక్కింటావిడ అడిగింది. ఎవరేంటి? ఇన్నేళ్ళు ఈ కొల్లేటి నీళ్ళ మీద కాపురం చేసి గెడ పట్టుకోవడం రాదని చెబుతానా?

"ఇదిగో, నీకు అరవై దాటేయ్," అన్నారు మా ఆయన నీరసంగా.

"దోనెకి ఇంకా దాటలేదు లెండి. ఆయాసం వస్తే మాత్రం దాచుకోకండి, అమ్మాయికి చెప్పండి. మిమ్మల్ని మోసుకెళ్ళడానికి నేను వెంటనే వచ్చేస్తాను," అని బయల్దేరాను.

పొద్దు నెత్తిమీదికి రాకముందే వీధి దాటాను. గట్లు కనపడవు. వలలు కట్టిన కర్రల కొనలు మాత్రం వరసగా పైకి కనబడుతుంటే వాటిని బట్టే చెరువేదో దారేదో పోల్చుకున్నాను. రోడ్డు పక్క తాడిచెట్ల వరసని ఎడంచేతి వైపు పెట్టుకుని గెడ వేసుకుంటూ పోయాను. ఒకచోట గుర్రపుడెక్క చాపలా అల్లుకుని దోనెని కదలనివ్వలేదు. చేత్తో లాగి పక్కకి తోసి, మళ్ళీ లాగి, దాన్ని తిట్టినన్ని తిట్లు జన్మలో ఎవర్నీ తిట్టి ఉండను. అక్కడ నిలబడ్డంతసేపూ ఒకటే ఆలోచన. ఆయనకి వాంతి అయిందేమో. నేను మందు కోసం కాక ఆయన్నే ఎక్కించుకుని రావాల్సిందేమో. వెనక్కి తిరుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. వెనక్కి తిరిగినా ఆ గుర్రపుడెక్క దాటాల్సిందే కదా అని ముందుకే తోశాను.

గట్టు మీద మా అబ్బాయి థర్మాకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చేపలకి ఐసు వేసి పంపే పెట్టె అది.

"మందు తెమ్మంటే బొచ్చె చేపలు తెచ్చావేంట్రా?"

"అమ్మా, నవ్వించకే. అడుగున ఐసు, మీద గోనెపట్టా, దాని మీద మందు. ఐసు తగిలితే గడ్డకట్టి పాడైపోతుందన్నాడు షాపాయన. నాన్న ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"వచ్చి చూడు," అన్నాను. వాడు దోనెలోకి దిగి గెడ నా చేతిలోంచి లాక్కున్నాడు. పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పాను. దారి పొడుగునా చేపల వాసన. మామూలప్పుడైతే దూరంగా పెట్టమనేదాన్ని. ఆ పూట ముక్కు ఆనించుకుని కూర్చున్నాను.

ఇల్లు చేరేసరికి కోడలు ఖాళీగా కూర్చోలేదు. ఉత్తరం కిటికీ దగ్గర, నీడలో స్టూలు వేసి పెద్ద మట్టికుండ పెట్టింది. అందులో ఇసుక పోసి, ఇసుకలో చిన్న కుండ కూర్చోబెట్టి, ఇసుకంతా తడిపి, పైన తడిగుడ్డ కప్పింది. గోడ మరమ్మతుకని తెప్పించిన ఇసుక అరుగు మీద ఉంటే చక్కగా అక్కరకొచ్చింది. వాళ్ళ మెట్టలో కరెంటు లేని పూట ఆకుకూరలు, పాలూ ఇలాగే ఉంచుతారట. ఇసుక ఆరిపోకుండా మళ్ళీ మళ్ళీ తడుపుతూ ఉంటే చాలట.

ఆయన మంచం మీద పడుకునే ఉన్నారు. వాంతుల్లేవు, ఆయాసం లేదు. అది విన్నాకే నేను కూర్చున్నాను. అబ్బాయి కొత్త సీసాలోంచి మందు తీసి, వేసుకోవాల్సినంత మాత్రమే వేశాడు. మిగిలింది కుండలోకి వెళ్ళింది.

"ఏంటమ్మా, నా మందుకి తోడు పెడుతున్నావా? పొద్దుటికి పెరుగవుతుందా?" అన్నారు ఆయన.

"పెరుగైతే మజ్జిగ చేసిస్తాను మావయ్యగారూ, ముందు పడుకోండి," అంది ఆ పిల్ల.

అంత నీరసంలో ఎకసెక్కమాడారంటే బతుకుతారని నాకు ధైర్యం వచ్చింది. సాయంత్రానికి మిషను మీద అంకె తగ్గడం మొదలుపెట్టింది. మర్నాడు నర్సమ్మ బోటు వచ్చింది. ఆవిడ ఆయన్ని చూసి, మిషను చూసి, కుండ మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూసుకుంది. "పర్వాలేదండీ, చల్లగానే ఉంది. ఎవరిదీ బుర్ర?" అంది. కోడలు సిగ్గుపడి నా వెనక్కి వచ్చింది. నేనే చెయ్యి పట్టుకుని ముందుకు లాగాను. ఇంకో రెండు పూటలు గడిచాక మా ఆయన లేచి కూర్చుని, "ఎండు రొయ్యలు అందరూ తినేసేరా, నాకేమైనా ఉంచేరా?" అని అడిగారు. అప్పటికి నీళ్ళు నడవా గుమ్మం దగ్గర్నుంచి ఒక మెట్టు దిగాయి. వలలు నిలిచాయి. చేపలు కొన్ని పోయాయి, కొన్ని మిగిలాయి.

ఇప్పుడు మా ఇంట్లో సర్దుడు కొంచెం మారింది. బియ్యం పైకే, ఆవకాయ పైకే, కాగితాలు పైకే. మందులు మాత్రం కుండలోకి. హెచ్చరిక కూత వినబడగానే వీధిలో షుగరున్న వాళ్ళందరూ తమ సీసాలకి తలో రంగు గుడ్డపీలిక కట్టి మా ఇంటికి తెచ్చిస్తారు. పక్కింటావిడది ఎర్రపీలిక, మూలింటి పెద్దాయనది పచ్చది. కుండ ఒకటి చాలక కోడలు ఇంకోటి కూడా కొనిపించింది. మా ఆయనైతే అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ, "మందులు రేకుల కింద పెట్టకండర్రా, ఇలా తెచ్చి కుండలో పెట్టండి," అని చెబుతుంటారు. మొదట కనిపెట్టింది తానే అన్నట్టు. లోపల కోడలు, నేనూ మొహాలు చూసుకుని నవ్వుకుంటాం. చెప్పుకోనివ్వండి, చెప్పుకోవడానికి మనిషి ఉన్నాడు కదా.

ఇంక లేవండమ్మా, మీకూ వంటవేళ అయింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి మందు వేళకి అందాలి, పిల్లలు ఆకలన్నప్పుడు పళ్ళెంలో అన్నం ఉండాలి. ఎన్ని నీళ్ళొచ్చినా మీ గుమ్మం బయటే ఆగి వెనక్కి మళ్ళాలి. మీ ఇంటికొచ్చిన కొత్తమనిషి మాట మీ ఇంట్లో చెల్లాలి. నలుగురూ ఒకచోట కూర్చుని, కడుపు నిండా తిని, హాయిగా నవ్వుకుంటూ నూరేళ్ళు ఉండండి.